తాతగారి ఫోటో వెనుక "డిగ్రి 44": ఈ బాంబర్ సిబ్బంది ఏమయ్యారో తెలుసుకునే దారి ఉందా?

ఖరగ్‌పూర్_మనవడు
మా తాతగారి ట్రంకు పెట్టెలో ఒక ఫోటో దొరికింది. నాలుగు ఇంజన్ల విమానం ముందు ఎనిమిది మంది తెల్ల కుర్రాళ్లు ఉన్నారు. నలుగురు నిలబడి, నలుగురు గొంతుక్కూర్చుని ఉన్నారు. వెనుక వైపు తాతగారి చేతిరాతలో, కాపీయింగ్ పెన్సిలుతో "డిగ్రి 44" అని ఉంది. ఆ మాట చూసి ఆయన 1944లో డిగ్రీ పాసయ్యారని మా ఇంట్లో రెండు తరాలుగా గర్వంగా చెప్పుకుంటున్నాం. ఆయన చదువు థర్డ్ ఫారంతోనే ఆగిపోయిందనీ, డిగ్రి అనేది మిడ్నపూర్ జిల్లాలో యుద్ధకాలంలో ఉన్న ఒక ఏరోడ్రోము పేరనీ నాకు పోయిన నెలలోనే తెలిసింది.

ఆయన బొబ్బిలి దగ్గరి పల్లె నుంచి ఖరగ్‌పూర్ రైల్వే కాలనీలో ఉన్న మేనమామ దగ్గరకు వెళ్లారు. రైల్వేలో ఉద్యోగం దొరకక ఏరోడ్రోములో కుదిరారని మాత్రమే మాకు తెలుసు, ఏ పనిలో కుదిరారో తెలియదు. ఫోటో వెనుక ఎనిమిది పేర్లూ తెలుగు లిపిలోనే ఉన్నాయి. ముగ్గురి పేర్ల పక్కన "రాలేదు" అని రాశారు. మిగిలిన ఐదుగురి పేర్ల పక్కన చిన్న సున్న తప్ప ఇంకేమీ లేదు.

తిరిగి రాని ఆ ముగ్గురి గురించి తెలుసుకోవాలని రెండు వారాలుగా వెతుకుతున్నాను. లండన్ దగ్గర రన్నీమీడ్‌లో ఉన్న స్మారకం జాబితాలో వారు లేరు. లింకన్‌లోని ఇంటర్నేషనల్ బాంబర్ కమాండ్ సెంటర్ వారి మృతుల జాబితాలోనూ లేరు. డబ్బు తీసుకుని పరిశోధించి పెడతామన్న ఒకాయన మూడు వేల రూపాయలు పుచ్చుకుని, నేను అప్పటికే చూసిన పేజీలనే ప్రింటు తీసి పంపించాడు. నేను వెతికే పద్ధతిలోనే పొరపాటు ఉందా?

టెయిల్_గన్నర్
పేర్ల కంటే ముందు విమానాన్ని గుర్తించాలి. 1944లో ఖరగ్‌పూర్ చుట్టుపక్కల రెండు రకాల భారీ బాంబర్లు ఉండేవి. అమెరికా వారి బి-29లు ఖరగ్‌పూర్‌తో పాటు చాకులియా, పియార్డోబా, దుధ్‌కుండిల నుంచి ఎగిరేవి. వాటిని నడిపిన ఇరవయ్యవ బాంబర్ కమాండ్ కార్యాలయం ఖరగ్‌పూర్‌లోనే ఉండేది. బ్రిటిష్ వారి లిబరేటర్లు డిగ్రి, సాల్బనిల నుంచి ఎగిరేవి. తోక చివర రెండు గుండ్రటి రెక్కలు నిలువుగా ఉంటే అది లిబరేటర్, ఒకే ఒక్క ఎత్తైన రెక్క ఉంటే బి-29. ఇది తేలకుండా ముందుకు వెళితే, అమెరికా కాగితాల్లో బ్రిటిష్ వారినీ, బ్రిటిష్ కాగితాల్లో అమెరికన్లనూ వెతుకుతూ కూర్చుంటారు. అలాగే ఎడమ జేబు పైన కుట్టిన గుర్తులు ఎలా ఉన్నాయో భూతద్దంతో చూసి చెప్పండి.

లష్కర్_కుర్రాడు
మీ తాతగారి డిగ్రీ పోయినందుకు నా సానుభూతి. మా పెదనాన్నగారి ఎఫ్‌ఏ సర్టిఫికెట్‌ను కూడా ఇలాగే ఎవరూ కళ్లతో చూడలేదు. ఇక దాన్ని వెతకకూడదని ఈ చర్చ చదివాక నిర్ణయించుకున్నాను.

ఖరగ్‌పూర్_మనవడు
తోకకు రెండు గుండ్రటి రెక్కలు స్పష్టంగా కనిపిస్తున్నాయి. ఇద్దరి జేబు పైన రెండు వైపులా విప్పుకున్న రెక్కల గుర్తు ఉంది. మిగిలిన వారికి ఒకవైపే రెక్క, దాని మొదట్లో గుండ్రటి వలయంలో ఇంగ్లిష్ అక్షరాలు ఉన్నాయి. ఒకరిది ఎన్, ఇద్దరిది ఏజీ అని చదవగలిగాను, మిగతావి మసకబారాయి. ఒక కుర్రాడి దుస్తులు మాత్రం మిగిలిన వారి కంటే బాగా ముదురు రంగులో కనిపిస్తున్నాయి.

టెయిల్_గన్నర్
అయితే అది బ్రిటిష్ వాయుసేన లిబరేటర్. రెండు రెక్కలవారు పైలట్లు, ఎన్ అంటే నావిగేటర్, ఏజీ అంటే ఎయిర్ గన్నర్. ముదురు దుస్తుల కుర్రాడి భుజం చివర దేశం పేరు కుట్టి ఉందేమో చూడండి. ఆస్ట్రేలియా వాయుసేన యూనిఫారం ముదురు నీలం రంగులో ఉండేది, నలుపు తెలుపు ఫోటోల్లో అది దాదాపు నల్లగా పడుతుంది. అతను ఆస్ట్రేలియన్ అయితే మీ పంట పండినట్లే. ఎందుకో సిడ్నీ_శాస్త్రి గారు వచ్చి చెబుతారు.

పాత_కాగితాలు
మీరు వెతికిన రెండు చోట్లూ ఈ సిబ్బందికి సంబంధించినవి కావు. నేను కూడా మొదట్లో ఏడాది పాటు ఇదే పొరపాటు చేశాను కనుక కొంచెం వివరంగా రాస్తాను.

బాంబర్ కమాండ్ అన్న మాటను బాంబర్ విమానాలు నడిపిన వారందరికీ వర్తించే మాటగా మనం అర్థం చేసుకుంటాం. నిజానికి అది ఇంగ్లండ్ నుంచి ఐరోపాపై దాడులు చేసిన ఒక ప్రత్యేక విభాగం పేరు. అందులో ఎగిరిన దాదాపు 1,25,000 మందిలో 55,573 మంది చనిపోయారు. ఆ లెక్కను ప్రతివారూ ఉదహరిస్తారు. బెంగాల్ నుంచి బర్మా మీదకు వెళ్లి తిరిగి రాని వారు ఆ లెక్కలో లేరు, ఎందుకంటే వారు వేరే కమాండ్ కింద పనిచేశారు. లింకన్ జాబితాలో వారు దొరకకపోవడానికి కారణం ఇదే. రన్నీమీడ్‌లో సమాధి తెలియని 20,000కు పైగా వైమానికుల పేర్లు ఉన్నాయి. అయితే అవి బ్రిటన్ నుంచీ, ఉత్తర, పశ్చిమ ఐరోపా స్థావరాల నుంచీ ఎగిరి గల్లంతైన వారివి. మన వైపు ఎగిరి గల్లంతైన వైమానికుల పేర్లు సింగపూర్‌లోని క్రాంజీ స్మారకం స్తంభాల మీద చెక్కారు. బర్మాలో గల్లంతైన సైనికుల పేర్లు తౌక్యాన్‌లోని రంగూన్ స్మారకం మీద ఉన్నాయి కదా అని అక్కడ వెతికితే వైమానికులు దొరకరు. విమానం బర్మాలో కూలినా పేరు సింగపూర్‌లో ఉంటుంది.

సమాధి దొరికిన వారి సంగతి వేరు. కామన్వెల్త్ యుద్ధ సమాధుల కమిషన్ వెబ్‌సైటులో ఎక్కడి వారినైనా ఒకేచోట వెతకవచ్చు. పేరు పక్కన "ఉమ్మడి సమాధి" అని ఉంటే, విమానం కూలినప్పుడు ఎవరి శరీరం ఎవరిదో వేరు చేయలేకపోయారని అర్థం. అదే వరుసలో అదే తేదీతో ఉన్న పక్క పేర్లు చూస్తే సగం సిబ్బంది జాబితా మీకు అక్కడే దొరుకుతుంది. ఆ పేజీ కింద ఉండే పాత రిజిస్టర్ల స్కానులను చాలామంది తెరిచి చూడరు. యుద్ధం తర్వాత ఏ ఊరి పొలిమేరలో ఉన్న గోతి నుంచి అవశేషాలను తెచ్చి ఏ స్మశానంలో పాతారో వాటిలో ఉంటుంది.

ఇంతకీ అసలు ఆధారం లండన్‌లోని నేషనల్ ఆర్కైవ్స్‌లో ఉన్న స్క్వాడ్రన్ దినచర్యలు, అంటే ఎయిర్ 27 వరుస. అందులో ఫారం 540 రోజువారీ సంగతుల సారాంశం. ఫారం 541లో ప్రతి విమానం నంబరు, అందులో ఎక్కిన వారి పేర్లు, బయలుదేరిన వేళ, దిగిన వేళ, వేసిన బాంబులు, వేసిన చోటు ఉంటాయి. దిగిన వేళ రాయవలసిన గడి ఖాళీగా ఉంటే మీ గుండె ఒక్క క్షణం ఆగుతుంది. 1944లో డిగ్రి నుంచి 159, 215 స్క్వాడ్రన్లు వేర్వేరు నెలల్లో లిబరేటర్లు నడిపాయి. రహస్య పనుల కోసం పెట్టిన 357వ స్క్వాడ్రన్ కూడా ఆ ఏడాది ఫిబ్రవరిలో అక్కడే పుట్టింది. మూడింటినీ చూడాలి.

సిడ్నీ_శాస్త్రి
టెయిల్_గన్నర్ గారు నన్ను పిలిచారు కనుక చెబుతున్నాను. ఆస్ట్రేలియా నేషనల్ ఆర్కైవ్స్‌లో ఎ705 అనే వరుస ఉంది. గల్లంతైన, మరణించిన ఆస్ట్రేలియన్ వైమానికుల మీద నడిచిన ఉత్తర ప్రత్యుత్తరాలు, విచారణలు అందులో ఉన్నాయి. చాలా ఫైళ్లను స్కాన్ చేసి ఆన్‌లైన్‌లో పెట్టారు, ఇంట్లో కూర్చుని చదువుకోవచ్చు. ఒకే విమానంలో ఏడుగురు ఆంగ్లేయులూ ఒక్క ఆస్ట్రేలియనూ ఉంటే, ఆ ఒక్కడి ఫైలులో ఎనిమిది మంది సంగతీ దొరుకుతుంది.

రెండో మాట. తాతగారు పేర్లను చెవికి వినిపించినట్టు తెలుగులో రాశారు. తెలుగులో "రైట్" అని రాసిన పేరు ఇంగ్లిష్‌లో డబ్ల్యూతో మొదలవుతుంది, "నైట్" అయితే కేతో మొదలవుతుంది. మీరు ఆర్, ఎన్‌ల కింద వెతికి లేరని అనుకుని ఉంటారు. పైగా పలికినవాడు ఏ ఊరి వాడో కూడా చూడాలి. మా ఆస్ట్రేలియన్లు "డే" అంటే మన చెవికి "డై" అని వినిపిస్తుంది, తాతగారు అలాగే రాసి ఉంటారు.

రంగం_మనవరాలు
ఇదంతా చదువుతుంటే నాకు ఒక ప్రశ్న పొడుస్తోంది, మొహమాటం లేకుండా అడుగుతాను. మా అమ్మమ్మ కుటుంబం కాకినాడ దగ్గరి నుంచి రంగం, అంటే రంగూన్, వెళ్లింది. 1941 డిసెంబరులో జపాన్ వారి బాంబులు పడ్డాక ఇంట్లో అందరూ ఆరకాన్ దారిన నడిచి వచ్చేశారు. ఆమె అన్నగారు మాత్రం రైల్వే యార్డులో పని వదులుకోలేక అక్కడే ఉండిపోయాడు. తర్వాత ఒక పట్టపగలు పెద్ద విమానాలు గుంపుగా వచ్చి బాంబులు వేసినప్పుడు పోయాడని, యుద్ధం అయ్యాక తిరిగి వచ్చిన ఊరివాళ్లు చెప్పారు. ఆ విమానాలు నడిపినది మీరు ఇప్పుడు వెతుకుతున్న కుర్రాళ్ల లాంటివారే. వారికి స్తంభాలు, రిజిస్టర్లు, ఫైళ్లు ఉన్నాయి. మా తాతయ్యకు ఏ జాబితాలోనూ పేరు లేదు. కార్తీక బహుళ తదియ అని తిథి మాత్రం తెలుసు, ఏటా ఆ రోజున తద్దినం పెట్టేవారు. స్వభాను సంవత్సరమో తారణమో కూడా తెలిసినవారు ఎవరూ మిగలలేదు.

పాత_కాగితాలు
మీ ప్రశ్నలో న్యాయం ఉంది. బ్రిటన్‌లో బాంబుల కింద పడి చనిపోయిన దాదాపు 67,000 మంది పౌరుల పేర్లను సంపుటాలుగా కట్టి వెస్ట్‌మిన్‌స్టర్ అబ్బేలో పెట్టారు. రంగూన్ రేవులో, యార్డుల్లో పనిచేసిన మనవాళ్ల పేర్లను అలా రాసిపెట్టిన వారు లేరు. దానికి ఈ ఎనిమిది మంది కుర్రాళ్లు బాధ్యులు కారు కానీ, ఆ తేడాను చూడనట్టు నటించడం కూడా సరికాదు.

లష్కర్_కుర్రాడు
నాకు ఇది సరైన వాదన అనిపించలేదు. ఖరగ్‌పూర్_మనవడు గారు వెతుకుతున్నది తన తాతగారి గతాన్ని. ఆ తెల్లవాళ్లు దానికి ఒక గుమ్మం మాత్రమే. ఒకరి కాగితాలు వెతికినంత మాత్రాన మరొకరి కాగితాలు పోవు.

రంగం_మనవరాలు
కాగితాలు పోతాయని నేను అనలేదు. ఉన్నవారికే మళ్లీ మళ్లీ దొరుకుతాయని అన్నాను. మీరు గుమ్మం అన్నారు, మా వైపు గోడ తప్ప గుమ్మం లేదు.

నిజాం_కాలనీ
బర్మా మీద ఎగిరిన బాంబర్లలో మన హైదరాబాదు పేరు మోసినవి కూడా ఉన్నాయని ఇక్కడ చెప్పాలి. మొదటి ప్రపంచ యుద్ధంలో, 1918లో, 110వ స్క్వాడ్రన్‌కు విమానాలన్నీ నిజాం డబ్బుతో కొన్నారు. అందువల్ల దానికి హైదరాబాద్ స్క్వాడ్రన్ అని పేరు వచ్చింది. దాని చిహ్నంలోని పులి నిజాం ముద్ర నుంచి తీసుకున్నదే. 1939 సెప్టెంబరు 4న, అంటే యుద్ధం ప్రకటించిన మర్నాడే, విల్‌హెల్మ్స్‌హావెన్‌లో జర్మన్ ఓడల మీద దాడికి ఈ స్క్వాడ్రన్ నుంచి ఐదు బ్లెన్‌హైమ్‌లు వెళ్లాయి, ఒకటి తిరిగి రాలేదు. 1942లో స్క్వాడ్రనే ఇండియాకు వచ్చింది. మన పన్నుల సొమ్ముతో పేరు తెచ్చుకున్న ఆ దళం నుంచి తిరిగి రాని వారి కోసం మన ఊళ్లో ఒక్క పలకైనా లేకపోవడం నాకు వెలితిగా తోస్తుంది.

టెయిల్_గన్నర్
హైదరాబాదు పేరుతో 152, 253 స్క్వాడ్రన్లు కూడా ఉండేవి కానీ, రెండో యుద్ధంలో అవి ఫైటర్ దళాలు కనుక ఈ చర్చకు 110 ఒక్కటే వర్తిస్తుంది. దానికీ మన ప్రశ్నకూ నిజమైన సంబంధం ఒకటి ఉంది.

బర్మాలో పట్టుబడిన బాంబర్ సిబ్బందిని జపాన్ వారు మామూలు యుద్ధ ఖైదీలుగా చూడలేదు. నేరస్థులని ముద్ర వేసి రంగూన్ సెంట్రల్ జైలులో విడిగా, చాలామందిని ఒంటరి గదుల్లో ఉంచారు. 1945 ఏప్రిల్ చివర్లో కాపలాదారులు పారిపోయాక, మిగిలిన ఖైదీలు జైలు పైకప్పుల మీద జపాన్ వారు వెళ్లిపోయారని పెద్ద అక్షరాలతో సున్నంతో రాశారు. తమ విమానాలే వచ్చి తమ నెత్తిన బాంబులు వేస్తాయని వారి భయం. మే 2న 110వ స్క్వాడ్రన్ కమాండర్ వింగ్ కమాండర్ సాండర్స్ తన మస్కిటో విమానాన్ని రంగూన్ దగ్గర గుంతలు పడిన మింగలడాన్ రన్‌వే మీద దించి, ఊళ్లోకి నడిచి వెళ్లి, శత్రువు లేడని స్వయంగా చూశాడు. కనుక తాతగారు "రాలేదు" అన్న ముగ్గురూ చనిపోయారనే అనుకోకండి. ఖైదీలుగా బతికి బయటపడి ఉండవచ్చు. విడుదలైన ఖైదీలు నింపిన ప్రశ్నావళులు లండన్‌లో డబ్ల్యూవో 344 వరుసలో ఉన్నాయి.

పాసీఘాట్_ప్రసాద్
అరుణాచల్‌లో ఉద్యోగం చేసిన రోజుల్లో విన్న కేసు ఒకటి చెబుతాను. 1944 జనవరి 25న కున్మింగ్ నుంచి అస్సాంలోని ఛబువాకు వస్తూ హాట్ యాజ్ హెల్ అనే అమెరికన్ బి-24 లిబరేటర్ ఎనిమిది మందితో గల్లంతైంది. శకలాలు 2006లో దమ్రో దగ్గరి కొండల్లో దొరికాయి. 2008లో అమెరికా బృందం వచ్చింది కానీ పని మధ్యలో ఆగిపోయింది. అవశేషాలను 2016లో ఢిల్లీలో అప్పగించారు. లెఫ్టినెంట్ రాబర్ట్ యూజీన్ ఆక్స్‌ఫర్డ్‌ను గుర్తించి 2017లో జార్జియాలోని సొంత ఊరు కాంకర్డ్‌లో ఖననం చేశారు. అంటే 73 ఏళ్లు పట్టింది. అమెరికా వారికి గల్లంతైన సిబ్బంది నివేదిక అని ఒక్కో విమానానికి విడి ఫైలు ఉంటుంది కనుక వారి పని బ్రిటిష్ వారి కంటే సులువు అని నా అభిప్రాయం.

పాత_కాగితాలు
పని మొదలుపెట్టడం సులువు కావచ్చు. గుర్తించడం మాత్రం ఎవరికీ సులువు కాదు. యుద్ధం ముగిశాక బ్రిటిష్ వాయుసేన విచారణ బృందాలు ఐరోపాలో ఊరూరా తిరిగి, గోతులు తవ్వించి, వేలమందికి పేర్లు తిరిగి ఇచ్చాయి. పేరు బిళ్లలు కుళ్లిపోయిన చోట వారు దేనిని ఆధారం చేసుకునేవారో తెలుసా? చొక్కా కాలరు లోపలి చాకలి గుర్తును. మన ఊరి రజకుడు వేసే జీడి మరక లాంటిదే అన్నమాట. ఒక్క గుర్తుతో ఒక తల్లికి కబురు అందిన సందర్భాలు ఉన్నాయి.

ఖరగ్‌పూర్_మనవడు
పది రోజులు ఎయిర్ 27 స్కానులతో కుస్తీ పట్టాను. మీ అందరికీ చెప్పవలసినది చాలా ఉంది.

సిడ్నీ_శాస్త్రి గారు చెప్పినట్టు పేర్లను చెవితో చదివి ఇంగ్లిష్‌లో నాలుగైదు రకాలుగా రాసుకున్నాను. మూడు స్క్వాడ్రన్లలో ఒకదాని ఫారం 541లో నా ఫోటోలోని ఆరు పేర్లు ఒకే విమానం కింద కనిపించాయి. పగలు సరిగ్గా చూడలేకపోతానని రాత్రి లైటు ఆర్పి తెర దగ్గరకు జరిగి చదివాను. కార్బన్ కాపీ అక్షరాలు ఒకదానిలోకి ఒకటి ఒలికిపోయి ఉన్నాయి. అదే సిబ్బంది వారం వారం బయలుదేరి తిరిగి వస్తున్నారు. మధ్యలో ఒకరు మారుతున్నారు, మళ్లీ వస్తున్నారు. ఆ ఏడాది చివర్లో ఒక రాత్రి పేజీలో దిగిన వేళ గడిలో ఏమీ లేదు. బయలుదేరాక ఏ కబురూ లేదని ఒక వాక్యం ఉంది, అంతే.

నాకు అర్థం కానిది ఇక్కడే ఉంది. ఆ రాత్రి ఆ విమానంలో ఫోటోలోని వారు ఐదుగురు ఉన్నారు. తాతగారు "రాలేదు" అని రాసిన ముగ్గురిలో ఒక్కరు కూడా అందులో లేరు. చనిపోయింది సున్న ఉన్న ఐదుగురు. ఐదు పేర్లూ సింగపూర్ స్మారకం జాబితాలో దొరికాయి. ముదురు దుస్తుల ఆస్ట్రేలియన్ కూడా వారిలో ఉన్నాడు.

టెయిల్_గన్నర్
బాంబర్ సిబ్బంది ఎప్పుడూ ఒకే జట్టుగా ఉండరు. జ్వరం వచ్చినా, మలేరియా వచ్చినా, నిర్ణీత గంటలు పూర్తయినా ఒకరి స్థానంలో మరొకరు ఎక్కుతారు. ఆ ముగ్గురూ వేరే విమానంలో వేరే రోజున పోయి ఉండవచ్చు కదా.

పాత_కాగితాలు
అలా అయితే యుద్ధ సమాధుల కమిషన్ జాబితాలో ఉండి తీరాలి. ముగ్గురిలో ఎవరైనా ఆఫీసరు అయితే బ్రిటిష్ ప్రభుత్వ రాజపత్రమైన లండన్ గెజెట్‌లో చూడండి. యుద్ధం తర్వాత ప్రమోషనో రాజీనామానో కనిపిస్తే మనిషి బతికే ఉన్నట్టు. ఒక హెచ్చరిక ఏమిటంటే, సార్జెంటు ఆఫీసరు అయినప్పుడు సర్వీసు నంబరు కూడా మారిపోతుంది. రెండు నంబర్లను ఇద్దరు మనుషులుగా లెక్కవేసి నేను ఒకసారి లేని అన్నదమ్ములను పుట్టించాను.

ఖరగ్‌పూర్_మనవడు
ఒకరు దొరికారు. 1946లో గెజెట్‌లో ఉన్నారు. మరొకరి పేరు ఆ విమానం పోయిన మూడు నెలల తర్వాత కూడా అదే స్క్వాడ్రన్ దినచర్యలో, బదిలీ మీద వెళ్లినట్టు ఉంది. మూడోవారి జాడ మృతుల జాబితాల్లో ఎక్కడా లేదు. అంటే తాతగారు తారుమారుగా రాశారా? పోయిన వారెవరో ఉన్న వారెవరో ఆయనకు తెలియదా?

ఆవర్జా
నేను ఈ వేదికలో చదవడమే కానీ రాయను. నలభై ఏళ్లు జమాఖర్చులు రాసినవాడిని కనుక ఈ ఒక్క సంగతిలో మాట్లాడే అర్హత ఉందనుకుంటున్నాను. విమానాల గురించి నాకేమీ తెలియదు.

మీరందరూ "రాలేదు" అన్న మాటకు మనిషిని కర్తగా పెట్టుకుని చదువుతున్నారు. పాత చిట్టాలో, ఆవర్జాలో పేరు పక్కన "రాలేదు" అని ఉంటే మనిషి రాలేదని కాదు, పైకం రాలేదని. బాకీ ఇంకా నిలిచి ఉందని. పేరు పక్కన సున్న చుట్టితే ఆ పద్దు ఇక వసూలు చేయబోమని, కొట్టివేశామని. మీ తాతగారు అక్కడ ఏమి పని చేశారో కనుక్కోండి. నాకు తోచినంతలో అది జ్ఞాపకం కోసం రాసుకున్న రాత కాదు, లెక్క.

లష్కర్_కుర్రాడు
మూడు వారాలుగా ఇంతమందిమి కలిసి ఒక అప్పుల పట్టీకి నివాళి అర్పిస్తున్నామా?

ఖరగ్‌పూర్_మనవడు
ఆవర్జా గారి మాట చదివి మా పెద్ద మేనత్తకు ఫోన్ చేశాను. ఆవిడకు ఎనభై ఆరేళ్లు. "నాన్న దొరల బట్టల లెక్క రాసేవాడు గదరా" అని, ఇన్నాళ్లూ ఎవరూ అడగలేదు కనుక చెప్పలేదన్నట్టు చెప్పింది. ఏరోడ్రోములో చాకలి కాంట్రాక్టరు దగ్గర గుమాస్తా. ఎవరివి ఎన్ని చొక్కాలు, ఎన్ని దుప్పట్లు, ఎంత బాకీ అన్నది రాసుకుని, నెల మొదట్లో బ్యారక్కుల చుట్టూ తిరిగి వసూలు చేసేవారట. ఫోటో ఆ కుర్రాళ్లే ఇచ్చి ఉంటారు. గుర్తు పట్టడానికి వీలుగా దాని వెనుకే పద్దు రాసుకున్నారన్నమాట. "రాలేదు" అని రాసిన ముగ్గురూ పైకం ఎగ్గొట్టారు.

సిడ్నీ_శాస్త్రి
ఆ ఆస్ట్రేలియన్ కుర్రాడి ఎ705 ఫైలు ఆన్‌లైన్‌లో ఉంది, నిన్న రాత్రి చదివాను. అతని పేరు ఇక్కడ రాయను, మీకు విడిగా పంపుతాను. సగం ఫైలు వాళ్లమ్మ ఉత్తరాలే. కొడుకు ఏదో ద్వీపంలో బతికి ఉండి ఉంటాడని ఆవిడ రాస్తూనే ఉంది, లేదని ఆఫీసు వారు మర్యాదగా జవాబిస్తూనే ఉన్నారు.

సిబ్బంది గల్లంతైతే స్టేషనులో కమిటీ ఆఫ్ అడ్జస్ట్‌మెంట్ అని ఒకటి కూర్చుని, వారి సామాను లెక్కగట్టి, స్థానిక బాకీలు తీర్చి, మిగిలినది ఇంటికి పంపేది. అతని పట్టీలో రెండు టెన్నిస్ బంతులు, ఒక ఫౌంటెన్ పెన్ను, చొక్కాలు తొమ్మిది, "వాటిలో చాకలి నుంచి వచ్చినవి నాలుగు" అని ఉంది. స్థానిక బాకీలు అన్న గడిలో "లేవు" అని టైపు చేశారు.

ఆవర్జా
కాంట్రాక్టరు తరఫున గుమాస్తా వెళ్లి అడిగితే ఆ కమిటీ వారు చెల్లించవలసి వచ్చేది. నాలుగు చొక్కాలు ఉతికి తిరిగి ఇచ్చారు, పద్దు అడగలేదు. సున్న చుట్టారు.

పాసీఘాట్_ప్రసాద్
ఆ కుటుంబానికి రాస్తారా? రాయాలనే నా అభిప్రాయం. అయితే ముందు వారికి ఎంతవరకు తెలుసో కనుక్కోండి. హఠాత్తుగా పైనుంచి పడ్డట్టు ఫైలు మొత్తం పంపకండి.

లష్కర్_కుర్రాడు
బతికి వెళ్లిన ముగ్గురి వారసులకు కూడా రాయండి. ఎనభై ఏళ్ల వడ్డీతో కలిపి.

ఖరగ్‌పూర్_మనవడు
ఆస్ట్రేలియాకు ఉత్తరం రాస్తున్నాను, ఫోటో కాపీ, వెనుక వైపు కాపీ రెండూ పెడతాను. వడ్డీ మాఫీ.

రంగం_మనవరాలు గారూ, మీరు గోడ అన్న మాట నాకు గుర్తుంది. ఫారం 541ల్లో ఏ రోజున ఏ చోట బాంబులు వేశారో ఉంటుందని పాత_కాగితాలు గారు మొదట్లోనే రాశారు. నేను చూసిన నెలల్లో రంగూన్ యార్డుల పేర్లు తగిలినప్పుడల్లా తేదీలు విడిగా రాసుకున్నాను, అయితే అవి దాదాపు అన్నీ రాత్రి దాడులు. మీ తాతయ్య పోయింది పట్టపగలు అన్నారు కదా?

రంగం_మనవరాలు
పట్టపగలే. పొద్దున్న పనికి వెళ్లినవాడు మధ్యాహ్నం భోజనానికి రాలేదని చెప్పారు. మల్వాగన్ యార్డు.

టెయిల్_గన్నర్
అయితే లిబరేటర్లను పక్కన పెట్టి బి-29లను చూడండి. 1944 నవంబరు 3న రంగూన్ మల్వాగన్ యార్డు మీద ఇరవయ్యవ బాంబర్ కమాండ్ దాడి చేసింది. ఆ విమానాలు బయలుదేరింది ఖరగ్‌పూర్ చుట్టుపక్కల స్థావరాల నుంచే.

రంగం_మనవరాలు
1944 నవంబరు అంటే తారణ. ఆ రోజు తిథి ఏమిటో ఎవరైనా చెప్పగలరా?

ఆవర్జా
మా నాన్నగారి పంచాంగాలు అటక మీద మూటగట్టి ఉన్నాయి. తారణ సంవత్సరానిది ఉండాలి. రేపు మనవడిని నిచ్చెన ఎక్కిస్తాను.